మెత్తళ్ళు వేయించిన మధ్యాహ్నం

నేను ఒక అలారాన్ని. అరచేతి వెడల్పు తెల్లటి ప్లాస్టిక్ డబ్బా, మధ్యలో ఎర్ర దీపం, వెనకవైపు రెండు బ్యాటరీలు పట్టే అర. అంతే నా ఒళ్ళు. పొగ వస్తే అరుస్తాను. మనుషుల ముక్కుకి అందని విషపు గాలి ఒకటుంది, దాని పేరు కార్బన్ మోనాక్సైడ్, అది వచ్చినా అరుస్తాను. అరవడం తప్ప నాకు ఇంకో పని రాదు. మీ ఇళ్ళల్లోనూ ఇలాంటివాళ్ళు ఒకరిద్దరు ఉండే ఉంటారు. వాళ్ళని మీరేం చేస్తారో నాకు బాగా తెలుసు. కాబట్టి నా కథ విని జాలి పడకండి, జాలంటే నాకు ఒళ్ళుమంట.

ఏదో ఊరి ఫ్యాక్టరీలో, కదిలే పట్టా మీద నాలాంటివి కొన్ని వేలు వరసగా పోతుంటే పుట్టాను. పట్టా చివర ఒకావిడ కూర్చుని బొటనవేలితో మా కడుపులో ఒక్కొక్క పోటు పొడిచేది. అరిచినవాళ్ళని పెట్టెలోకి, అరవనివాళ్ళని చెత్తలోకి విసిరేది. నేను అరిచాను. ఆవిడ తలైనా ఎత్తలేదు. నా మొదటి అరుపు విన్న మనిషి రెండు చెవుల్లోనూ దూది ఉంది. అప్పుడే అర్థం కావలసింది నాకు.

ఒక్క సంగతి ముందే చెప్పేస్తాను. బ్యాటరీలు తీసేస్తే నా నోరు పడిపోతుంది కానీ చూపూ వినికిడీ పోవు. ఇది నన్ను తయారుచేసినవాళ్ళకి కూడా తెలియదు. తెలిసుంటే అవి కూడా తీసేసి ఉండేవాళ్ళు, వాళ్ళకంత దయ ఉంటే.

నన్ను కొన్నవాడు హార్లన్. నెబ్రాస్కా గడ్డి మైదానాల మధ్య ఓ చిన్న ఊళ్ళో ఉంటాడు. ఆ ఊళ్ళో మంటలార్పే దళానికి జీతమంటూ ఉండదు, రైతులూ దుకాణదారులూ కలిసి నడుపుకుంటారు. దానికి పెద్ద హార్లనే. అతనికో ఆర్వీ ఉంది. ఆర్వీ అంటే ఇంటినే చక్రాల మీదికి ఎక్కించిన బండి: ముందు డ్రైవరు సీటు, వెనక మంచాలు, మధ్యలో గ్యాసు పొయ్యి, మూల దొడ్డి. భార్యతో దేశమంతా తిరుగుదామని కొన్నాడు. ఆవిడ పోయింది. ఒక్కడూ తిరగలేక, బండిని వచ్చేపోయేవాళ్ళకి అద్దెకివ్వడం మొదలుపెట్టాడు. పొయ్యికి ఎదురుగోడ మీద, స్వయంగా తన చేత్తో, రెండు మరలు బిగించి నన్ను నిలబెట్టాడు. "ఇది అరిచిందంటే బతికినట్టే," అని బండి తీసుకునే ప్రతివాళ్ళకీ చెప్పేవాడు. మంచివాడు. తన మాట ఎవరైనా వింటారని నమ్మేంత మంచివాడు.

ఆ బండిలో మూడు వేసవులు గడిపాను. వేటకొచ్చినవాళ్ళు చుట్టలు కాల్చి, నేను అరిస్తే నా మొహం మీద టోపీ వేలాడదీశారు. కొత్తగా పెళ్ళైన జంట రొట్టె మాడ్చుకుని, నేను అరిస్తే తువ్వాలుతో కొట్టారు. ఒకావిడ చెప్పు విసిరింది. మాడుతున్న రొట్టెని ఎవరూ తిట్టలేదు, మాడుతోందని చెప్పిన నన్ను తిట్టారు. మనుషుల తీరే అంత అని సరిపెట్టుకున్నాను.

నాలుగో ఏడు అక్టోబరులో వచ్చారు వాళ్ళు ముగ్గురూ. ఒమాహాలో ఏదో కంపెనీలో పెద్ద ఉద్యోగం చేసే శేషగిరి, అతని భార్య మృదుల, ఆర్నెల్లు ఉండిపోదామని బాపట్ల నుంచి వచ్చిన అతని తల్లి సీతారావమ్మ. గడ్డి అప్పటికే ఎండి ఎర్రబారింది. ఎటు చూసినా గడ్డే. దాని మీద గాలి, ఆ గాలికి అడ్డం పడడానికి చెట్టంటూ లేదు. ఆ మైదానం మధ్య, ఓ చెరువు గట్టున, ఆర్వీలు ఆపుకునే చోటు ఉంది. విహారాల కాలం అయిపోవస్తోంది కాబట్టి అక్కడ మా బండి కాక ఇంకొక్కటే ఉంది. అందులో పదవీ విరమణ చేసిన తెల్లవాళ్ళ జంట.

దిగగానే శేషగిరి వాళ్ళ దగ్గరికెళ్ళి చెయ్యి కలిపాడు. "నా పేరు గ్యారీ," అన్నాడు. శేషగిరిలోంచి గ్యారీని ఎలా తీశాడో నాకిప్పటికీ తెలియదు. బండిలోకి తిరిగొచ్చాక ఆడవాళ్ళిద్దరికీ పాఠం చెప్పాడు. గట్టిగా మాట్లాడకూడదు. బయట ఉమ్మకూడదు. ఎవరైనా చూస్తే నవ్వాలి. సీతారావమ్మ ఎవరి మొహాన ఎప్పుడు ఉమ్మిందో పాపం ఆవిడకే తెలియదు. ఆ సాయంత్రం ఆవిడ చీర తడిపి బండి పక్కన తాడు కట్టి ఆరేస్తే, అతను బయటికెళ్ళి ఆ తడి చీరని ఉండచుట్టి తెచ్చి దొడ్డిలో పడేశాడు.

"ఏందిరా అట్టా పడేశావు? ఉతికిన చీర!" అంది ఆవిడ.

"ఇది చాకిరేవు కాదమ్మా. వాళ్ళు చూస్తే ఏమనుకుంటారు?"

"ఏమనుకుంటారు? ఉతుక్కుందనుకుంటారు."

మృదులకి నవ్వొచ్చింది. అతను తలతిప్పి చూశాడు. ఆ చూపుకే నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

ఆ అత్తాకోడళ్ళ మధ్య కొట్లాటలు ఉండేవి కావు. అవి లేకపోవడం శేషగిరికి సుఖమో కష్టమో చెప్పలేను. మొదటి రోజంతా రొట్టె ముక్కలే తిండి. సీతారావమ్మ రెండు కొరికి పక్కన పెట్టేసింది. రెండో రోజు పొద్దున్నించీ సన్నటి వాన, ఎముకలు కొరికే చలి. మధ్యాహ్నం కావస్తుంటే శేషగిరి గొడుగేసుకుని పక్కవాళ్ళతో చెరువు చూడ్డానికి వెళ్ళాడు. అతని వీపు కనుమరుగవగానే ఆవిడ సంచి అడుగునుంచి ఒక పొట్లం తీసింది. మూడు ప్లాస్టిక్ కవర్లు, వాటి లోపల ఒక కాగితం, కాగితంలో ఎండు మెత్తళ్ళు. వేలెడంత చిన్న చేపలు, ఉప్పేసి ఇసుకలో ఎండబెట్టినవి. దాని పక్కనే తన స్టీలు పోపుల డబ్బా.

"అమ్మాయ్, రెండు ముద్దలు. రెండే," అంది చిన్నపిల్ల అడిగినట్టు.

"ఆయనొస్తే చంపేస్తారు అత్తయ్యా."

"వాడొచ్చేలోపు తినేద్దాం."

మృదుల మూకుడు పెట్టింది. నూనెలో ఎండుమిరపకాయలు తుంపి, మెత్తళ్ళు వేసి, పసుపు చల్లింది. ఆ వాసన, ఆ ఘాటు, ఆ పొగ! నా జన్మలో అలాంటిది చూడలేదు. నా పని నేను చేశాను. మైదానమంతా దద్దరిల్లేలా అరిచాను.

చెరువు గట్టు మీద ముగ్గురూ ఆగారు. తెల్లాయన ముక్కు ఎగబీల్చి ఏదో అన్నాడు. శేషగిరి గొడుగు మూసి పరుగెత్తుకొచ్చాడు. నిజం చెప్పాలంటే మంటేమో అనుకుని ఉంటాడు, మొహంలో భయం ఉంది. లోపలికొచ్చి మూకుడు చూశాక ఆ భయం పోయింది. దాని స్థానంలో వచ్చిన దాన్ని మీరు మీ ఇళ్ళల్లో చూసే ఉంటారు.

"ఏందీ కంపు? బుద్ధుందా మీకు? నలుగురిలో నా పరువు తీయడానికే వచ్చారా ఇద్దరూ?"

"మెత్తళ్ళేగదరా! ఇవి లేందే నీకు చిన్నప్పుడు ముద్ద దిగేదా?" అంది సీతారావమ్మ.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అతను ఒక్క అంగలో నా దగ్గరికొచ్చి, వెనక మూత పీకి, బ్యాటరీలు రెండూ లాగి పొయ్యి గట్టు మీదికి విసిరాడు. నేను సగం అరుపులో ఆగిపోయాను. మూత ఊడిన నన్ను ఒక్క మర మీద వేలాడుతూ వదిలేశాడు. దొర్లిపోతున్న బ్యాటరీలని సీతారావమ్మ పట్టుకుంది.

"వాళ్ళ బండి సామానురా. పోగొడితే ఊరుకుంటారా? పోయేటప్పుడు మళ్ళీ పెట్టిద్దాం," అని, పోపుల డబ్బా తెరిచి, సగం ఖాళీగా ఉన్న పసుపు గిన్నెలో వాటిని గుచ్చి మూత నొక్కింది. పరాయి వస్తువు జాగ్రత్తగా చూడాలని ఆ మనిషికి ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇక అతని పని చూడాలి. కిటికీలన్నీ బిగించాడు. పైకప్పులో గాలి పోయే మూత దించాడు. తలుపు కింద సందులో తువ్వాళ్ళు కుక్కాడు, వాసన బయటికి పోకుండా. పొయ్యి మీద రెండు మంటలనీ కప్పేసేంత పెద్ద గిన్నె పెట్టి, నీళ్ళు పోసి, లవంగాలూ దాల్చినచెక్కా పడేశాడు. ఇవి మరిగితే కంపు పోతుందని ఎక్కడో చదివాడట.

"ఒక్క కిటికీ అన్నా కొంచెం తీసి ఉంచండి," అంది మృదుల. "ఆ అలారం కూడా మళ్ళీ పెట్టెయ్యండి. ఊరికే పెట్టరు గదా అక్కడ."

"నీ సలహా అడిగానా? నీ గోల చాలదని దాని గోల ఒకటా? నేనొచ్చేదాకా పొయ్యి ఆపొద్దు, తలుపు తియ్యొద్దు. అర్థమైందా?"

దిగి, కదిలిన తువ్వాళ్ళని మళ్ళీ సందులోకి నెట్టి, తలుపు లాగి వేసి వెళ్ళిపోయాడు. పక్క బండివాళ్ళకి ఏం చెప్పాడో తర్వాత ఆ తెల్లాయన నోటే విన్నాను. మా దొడ్డి గొట్టం పగిలింది, ఆ కంపు మన్నించండి, అన్నాడట. తల్లి వేయించుకున్న చేప అని చెప్పుకోవడం కంటే మలం అని చెప్పుకోవడమే అతనికి పరువుగా తోచింది. వాళ్ళు జాలిపడి, వాళ్ళ గుడారం కింద కుర్చీ వేసి, వేడి కాఫీ ఇచ్చి కూర్చోబెట్టారు.

లోపల ఆడవాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. వేయించినవి ఎలాగూ వేయించారు కదా. చల్లన్నంలో కలుపుకుని తిన్నారు. సీతారావమ్మ రెండు ముద్దలని చెప్పి రెండోసారి కూడా పెట్టించుకుంది. కోడలి కంచంలో తలకాయలు తీసి మెత్తళ్ళు వేస్తూ, "నువ్వు తిను, వాడి మొహం," అంది. బాగా తిన్నారు. అది నాకు కొంచెం తృప్తి.

గిన్నె అడుగున మంట ఊపిరాడక పచ్చగా మారడం నేను చూశాను. ఆ గాలికి రంగు లేదు, వాసన లేదు. మెత్తళ్ళ వాసనకి అంత హడలిపోయిన మనిషి, అసలు వాసనే లేనిదాన్ని తల్లితో కలిపి మూసేసి పోయాడు. నా ఒంట్లో ప్రతి తీగా అరవమంటోంది. నోరు పసుపు గిన్నెలో ఉంది.

"తల దిమ్ముగా ఉందే అమ్మాయ్," అంది సీతారావమ్మ.

"నాకూ. ఈ లవంగాల ఘాటుకేమో. కాసేపు పడుకోండి."

ఆవిడ మంచం మీద ఒరిగింది. మృదుల సీట్లో వాలింది. కాసేపటికి ఏమనిపించిందో లేచి, గోడ పట్టుకుని, పొయ్యి దగ్గరికొచ్చింది. మంట తిప్పే మర మీద చెయ్యి వేసింది. నేనున్నది ఎదురుగోడ మీదే, ఆమె వేళ్ళు స్పష్టంగా కనిపించాయి. తిప్పబోయింది. ఆగింది. "వచ్చేదాకా ఆపొద్దన్నారు," అని తనలో తనే అనుకుంది. చెయ్యి వెనక్కి తీసుకుంది. తలుపు వైపు రెండడుగులు వేసి, ఆ కుక్కిన తువ్వాళ్ళ దగ్గరే కూలబడింది. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే ఆమెకి గుర్తులేదు.

అతను రెండు గంటల తర్వాత వచ్చాడు. తలుపు సందులో మృదుల అడ్డం పడి ఉంది, నెట్టుకుని ఎక్కాడు. దగ్గాడు. "మృదులా" అన్నాడు. మంచం దగ్గరికెళ్ళి "అమ్మా, అమ్మా" అని కుదిపాడు. ఆవిడ బుగ్గలు ఎర్రగా, ఆరోగ్యంగా ఉన్నట్టు ఉన్నాయి. ఈ విషం అలాంటి పరిహాసమే చేస్తుంది. పొయ్యి కట్టేశాడు. అప్పుడు అతని చూపు నా మీద పడింది. మూత ఊడి, కడుపు ఖాళీగా, వేలాడుతున్నాను.

తలుపు తెరిచే ఉంది. భార్య దాని పక్కనే ఉంది, ఇంకా ఊపిరి ఆడుతోంది. ఒక్క లాగు లాగితే గడ్డి మీద పడుతుంది. తల్లిని భుజాన వేసుకుంటే నాలుగడుగులు. అతను వాళ్ళని లాగలేదు. పొయ్యి గట్టు మీద వెతికాడు, సింకులో వెతికాడు. తల్లి ఏం చేసిందో గుర్తొచ్చి పోపుల డబ్బా తెరిచాడు. హడావుడిలో డబ్బా జారింది, ఆవాలూ మెంతులూ నేలంతా పరుచుకున్నాయి. పసుపులోంచి బ్యాటరీలు తీశాడు. తిరగేసి పెట్టాడు. నేను పలకలేదు. మళ్ళీ తీసి సరిగ్గా పెట్టి మూత నొక్కాడు.

అరిచాను. తెల్లవాళ్ళిద్దరూ పరుగెత్తుకొచ్చేసరికి అతను భార్య చంకల కింద చేతులు వేసి బయటికి ఈడుస్తున్నాడు. తర్వాత తల్లిని తెచ్చాడు. ఆవిడ ఆ గడ్డి మీదే పోయింది. లేక అంతకు ముందే పోయిందేమో, బ్యాటరీలు వెతికినంత సేపట్లో పోయిందేమో. నాలో గాలిని కొలిచే యంత్రమే ఉంది, ప్రాణాన్ని కొలిచేది లేదు.

మంటలార్పే బండిలో హార్లన్ వచ్చాడు. "తలుపు దగ్గరికి వచ్చేసరికి అలారం మోగుతోంది, వెంటనే లోపలికి దూకాను," అన్నాడు శేషగిరి. తువ్వాళ్ళు చలికని చెప్పాడు. తెల్లాయన కూడా, "అవును, మోగడం మేమూ విన్నాం. మధ్యాహ్నం ఒకసారి మోగి ఠక్కున ఆగిపోయింది. ఆ తర్వాత రెండు గంటలూ చప్పుడే లేదు, ఉన్నట్టుండి మళ్ళీ మోగింది," అన్నాడు. ఆ మాట దగ్గర ఆగి ఆలోచించాల్సిన మనిషి హార్లన్ ఒక్కడే. అతను ఆగలేదు. నేను ఆలస్యంగా మోగానంటే నన్ను బిగించిన అతని చేతికి మచ్చ. నేను ప్రాణం కాపాడానంటే అదే చేతికి గొప్ప. మంచివాళ్ళు కూడా తమకి పనికొచ్చే నిజాన్నే ఏరుకుంటారు.

పది రోజులకి సామాను తీసుకెళ్ళడానికి మొగుడూ పెళ్ళాలు వచ్చారు. మృదుల నడక తూలుతోంది. ఆ మధ్యాహ్నం ఆమె బుర్రలోంచి మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. అత్తగారు పొట్లం విప్పడం దాకా గుర్తు, ఆ తర్వాత ఆసుపత్రి పైకప్పు. నేల మీద ఆవాలు చూసి, "పోపుల డబ్బా ఎవరు ఒలకబోశారండీ?" అంది.

"ఫైరోళ్ళెవరో," అని శేషగిరి సీట్లో కూర్చున్నాడు. గొంతు బాగా తగ్గించాడు. "మృదులా, ఒక మాట చెప్పాలి. చెప్పకూడదనే అనుకున్నాను. నువ్వు పొయ్యి ఆపకుండా పడుకున్నావు. అమ్మ అందుకే పోయింది. ఎవరికీ చెప్పలేదు, చెప్పను కూడా. నిన్ను నేను క్షమించాను."

ఆమె ఆ ఆవాల మీదే మోకాళ్ళ మీద కూలబడి అతని కాళ్ళు పట్టుకుంది. ఏడుపు రాక, నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. అతను ఆమె తల నిమిరాడు. ఆ చెయ్యి ఎంత మెత్తగా కదిలిందో చెబితే మీరు నమ్మరు. నా ఒంట్లో నిండా బ్యాటరీలున్నాయి, కానీ అబద్ధానికి అరవమని నన్నెవరూ తయారుచెయ్యలేదు.

హార్లన్ నన్ను గోడ మీంచి తీసి, మంటల దళం వాళ్ళ గదిలో గాజుపెట్టెలో పెట్టాడు. 'ఒక ప్రాణం కాపాడిన అలారం' అని కింద రాయించాడు. వెనక మూత తెరవలేదు, దుమ్మైనా తుడవలేదు. ఉన్నదున్నట్టు ఉంచడమే గౌరవమన్నాడు. బడిపిల్లలు వరసగా వచ్చి చూశారు. ఊరి పత్రికలో గ్యారీ ఫొటో వేశారు. ఏడాది పొడుగునా ఆ పొగడ్తలు వింటూ, నన్ను ఆ రోజే పట్టా చివర చెత్తలో విసిరేసి ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను.

మళ్ళీ అక్టోబరు వచ్చింది. నా బ్యాటరీలు నీరసించి నిమిషానికోసారి కీచుమనడం మొదలుపెట్టాను. గాజుపెట్టెలోంచి ఆ కీచు విని దళం వాళ్ళకి విసుగెత్తింది. హార్లన్‌కి మాత్రం ఒక ఆలోచన వచ్చింది. సంవత్సరం నిండిన రోజున ఊరివాళ్ళని పిలిచి, బతికి బయటపడ్డ ఆవిడ చేతనే కొత్త బ్యాటరీలు వేయిద్దామన్నాడు. అది విని శేషగిరి వద్దనలేకపోయాడు. ఊరు ఊరంతా చూసే సన్మానం అది.

ముప్ఫై నలభై మంది వచ్చారు. మృదుల సగానికి సగం అయిపోయింది. నల్లకోటులో శేషగిరి ఆమె పక్కనే నిలబడ్డాడు. హార్లన్ నన్ను తీసి ఆమె చేతుల్లో పెట్టి, చెత్తబుట్ట పట్టుకుని నిలుచున్నాడు. ఆమె మూత తీసింది. బ్యాటరీలు ఒక పట్టాన ఊడి రాలేదు. లాగితే వచ్చాయి. రెండూ పచ్చగా ఉన్నాయి. స్ప్రింగు దగ్గర ఒక ఆవగింజ అతుక్కుని ఉంది.

"తుప్పు పట్టినట్టున్నాయి, ఇటు పడేసెయ్యండి," అన్నాడు హార్లన్ బుట్ట చాపి.

ఆమె పడెయ్యలేదు. వేలితో రుద్దింది, వేలు పచ్చబడింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. విషం ఆమె తలలో జ్ఞాపకాన్ని తినేసింది కానీ, ముక్కుని ముట్టుకోలేదు. అత్తగారి డబ్బాలో పసుపు, దాని పక్క గిన్నెలోంచి ఎగిరిన ఇంగువ. ఆ గింజ వంకా, పసుపు వంకా మార్చి మార్చి చూసింది. ఫైరోళ్ళు ఒలకబోశారన్న డబ్బాలోది, వాళ్ళు రాకముందే మోగిన నా కడుపులో ఉంది. తలెత్తి మొగుడి వంక చూసింది. అతని మొహంలో రంగు పోయింది.

"తొందరగా కానియ్యి మృదులా. అందరూ చూస్తున్నారు," అన్నాడు తెలుగులో, పెదవులు నవ్వుతుండగానే.

ఆమె అతని చెయ్యి పట్టుకుని, అరచెయ్యి తెరిచి, ఆ రెండు బ్యాటరీలూ అందులో పెట్టింది. "ఇది అత్తయ్య పసుపు. పారెయ్యడం ఇష్టంలేక డబ్బాలో దాచింది. వీటిని తీసింది నువ్వు. మేం పడిపోయాక మళ్ళీ పెట్టిందీ నువ్వే. ఏడాదిగా నేను చంపానని నన్ను ఏడిపిస్తున్నావు," అంది.

గొంతు తగ్గించలేదు. ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాలేదు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు చూసి ముందు వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ కొట్టారు. శేషగిరి ఆ పసుపు అరచేతిని మూసి నవ్వుతూ నిలబడ్డాడు.

"ఏమంటున్నారు ఆవిడ?" అని హార్లన్ అతన్ని అడిగాడు.

"మీ అందరికీ కృతజ్ఞతలు చెబుతోంది," అన్నాడు శేషగిరి.

"నో," అంది మృదుల.

అని హార్లన్ వైపు తిరిగి, ఇంగ్లీషులో, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది. చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. హార్లన్ చెత్తబుట్ట కింద పెట్టాడు. కొత్త బ్యాటరీలు ఇంకా బల్ల మీదే ఉన్నాయి. నాకప్పుడు నోరు లేదు, దాని అవసరమూ లేకపోయింది.